ఆరో తాడు

"కాచుకోండి," అంది ఈనిడ్. "చిన్న గంట కదిలింది," అంది రూటా, "వెళ్ళింది" అంటూ తాడు లాగేసింది, అంతే, మొదలైపోయింది, ఇక ముప్పావుగంట దాకా ఆగేది లేదు, పైన చర్చి గోపురంలో గంటలు ఒకదాని వెనక ఒకటి తిరగబడుతున్నాయి, రూటాది, వాల్టర్‌ది, నాది, వెర్నన్‌ది, ఈనిడ్‌ది, అందరికన్నా చివర నెవిల్‌ది, ఢాం, ఎద్దంత బరువుండే గంట, వరస ముగిసిందని చెప్పే గంట, దాని తాడు పట్టుకుని నాకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు మహానుభావుడు, మొహం చూస్తే నిన్న రాత్రి అన్న మాట మరిచిపోయినట్టు లేడు. వచ్చాడు, అదే పదివేలు. మేం ఐదుగురం తాళ్ళు పట్టుకుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ నిలబడి ఉంటే అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది, తలుపు తోసుకుని వచ్చాడు, కోటు విప్పి మేకుకి తగిలించాడు, ఒక్కళ్ళనీ పలకరించలేదు, తన తాడు దగ్గరికెళ్ళి దానికి చుట్టిన ఉన్ని పట్టు మీద చేతులేశాడు. ఈనిడ్ టైము చూసుకుంది, అంతే. నేనైతే నాలుగు దులిపేదాన్ని. నిన్న రాత్రి 'నాగలి' పబ్బులో, మా దేశం యూరప్ కూటమిలోంచి బయటపడే ఘడియ కోసం జనమంతా గ్లాసులు పట్టుకుని గోడ గడియారం వంక చూస్తుంటే, వీడు, ఈ నెవిల్, యాభై దాటిన మనిషి, కనుచూపు మేర క్యాబేజీ వేసే రైతు, ఈనిడ్ ఎదురుగా వచ్చి నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు కదా, "రేపు నీ యాభై ఏళ్ళ మోతకి వస్తా ఈనిడ్, ఎందుకు రానూ, వచ్చి సగంలో నా గంట నిలబెట్టేస్తా, అప్పుడు తెలుస్తుంది నీకు, నోరు నొక్కేస్తే ఎలా ఉంటుందో." గంట నిలబెట్టడమంటే దాన్ని మూతి పైకి ఆనించి తాడు వదిలేయడం. ఆరింట్లో ఒక్కటి నిలబడిపోయినా మోత పోయినట్టే, లెక్కలోకి రాదు, అప్పటిదాకా లాగిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈనిడ్ ఈ గోపురంలో మొదటిసారి తాడు పట్టి ఈ నెలకి యాభై ఏళ్ళు, దాని గుర్తుకే ఇవాళ్టి మోత, వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోతున్నాయి, ఇంకోసారి ఇంతసేపు లాగలేనని తనే చెప్పింది, ఇది పోతే మళ్ళీ లేదు. అది తెలిసి కూడా అన్నాడు వెధవ. దానికి ఈనిడ్ ఏమందో తెలుసా? "ముందు టైముకి రారా నాయనా, మిగతాది తరవాత చూసుకుందాం" అంది, గ్లాసులో మిగిలింది తాగేసి ఇంటికెళ్ళి పడుకుంది.

వాల్టర్ వెనక, ఇప్పుడు రూటా వెనక, ముందుకి, ముందుకి, మొదటి చోటు, మళ్ళీ వెనక్కి. ఇది పాట కాదు, రాగం లేదు, ఐదు గంటలు ప్రతి వరసకీ చోట్లు మార్చుకుంటూ పోతాయి, ఆరోది, నెవిల్‌ది, ఎటూ కదలకుండా చివర్లోనే ఉండి అందర్నీ కలిపి ఉంచుతుంది, కాగితం చూడకూడదు, మాట్లాడకూడదు, ఈనిడ్ ఒక్కతే ఉండుండి "బాబ్!" అని కేక పెడుతుంది, దారి మార్చుకోమని, అప్పుడు ఎవరు ఎవరి వెనక వెళ్ళాలో ఎవరికి వాళ్ళకి తెలిసుండాలి. "చెయ్యి లాగాలి, చెవి వినాలి, బుర్ర ఊరుకోవాలి" అని నేర్పింది నాకు. చెయ్యీ చెవీ నేర్చుకున్నాయి. బుర్ర ఎప్పుడు ఊరుకుంది గనక. పొద్దస్తమానం సెలూన్లో ఊళ్ళోవాళ్ళ తలలు కడిగి కత్తిరించే దాన్ని, ఎవరి తల నా చేతిలో పెట్టినా లోపలున్నదంతా కక్కుతారు, అదంతా మోసుకుని ఇంటికెళతాను, అట్లాంటి బుర్రని ఊరుకోమంటే ఎట్లా ఊరుకుంటుంది. చూడు, నెవిల్ చేతులు చూడు. ఎంత కోపం ఉన్నా తాడు మటుకు మెత్తగా వదులుతున్నాడు. నిలబెడతాడా? ఇప్పుడే నిలబెట్టడులే. సగం అన్నాడుగా. వాడు మాట మీద నిలబడే మనిషి, అదే వచ్చిన చిక్కు.

మూడున్నరేళ్ళ కిందటి వేసవిలో, కూటమిలో ఉండాలా పోవాలా అని దేశమంతా ఓటేసే ముందు, ఊరి హాల్లో వాదన పెట్టారు. ఉందామా, పోదామా. పోదామనే వైపు ఈనిడ్, ఉందామనే వైపు నేను. ఎవరు పెట్టారో గానీ భలే పెట్టారు, ఊళ్ళో నోరున్నవాళ్ళం మేమిద్దరమే. కుర్చీలు చాలక జనం కిటికీల్లో ఎక్కి కూర్చున్నారు. ఈనిడ్ లేచింది, ఊరూరా చేపల బండి నడిపిన గొంతు, నాకెందుకిది అని మైకు పక్కకి నెట్టేసింది. "నా మీద చట్టం చేసేవాడు నా గడప ముందుకొచ్చి ఓటడగాలి. తప్పు చేస్తే సంతలో పట్టుకుని వాణ్ణి కడిగేయాలి నేను. బ్రస్సెల్స్‌లో కూర్చున్నవాణ్ణి ఏ సంతలో పట్టుకోను?" చప్పట్లు. నెవిల్ అయితే బల్ల గుద్దాడు, అప్పుడు వాడికి ఈనిడ్ దేవత. నేను లేచాను. "ఈనిడ్‌కి తిట్టడానికి మనిషి కావాలట, నిజమే, ఎవర్నో ఒకర్ని తిట్టనిదే ఆవిడకి పూట గడవదు" అన్నాను, నవ్వారు, ఈనిడ్ అందరికన్నా గట్టిగా నవ్వింది, "కానీ ఇంట్లో ఉండి తిడితే వినక చస్తారా? బయటికి పోయి కిటికీలోంచి అరిస్తే వాళ్ళు కిటికీ వేసుకుంటారు. మా ఆయన హాలండ్ నుంచి పూల లారీ తోలాడు ఇన్నేళ్ళూ, ఒక్కడు ఆపి అడగలేదు. రేపు సరిహద్దులో నిలబెట్టి పూలు వాడిపోతే నీ చట్టాలు పోసి బతికిస్తావా?" మా వైపు వాళ్ళు అరిచారు. నేను కూర్చోబోతున్నా, గెలిచానే అనుకుంటున్నా. ఈనిడ్ లేవను కూడా లేవలేదు. "నీవి పూలు గ్లెండా. వాడిపోయింది మా నాన్న. చేపల వేట తగ్గించాలని ఆయన పడవని ఆయన చేతే ముక్కలు కొట్టించారు, కొట్టినందుకు డబ్బు కూడా ఇచ్చారు. ఆ డబ్బు టీపాయి మీద పెట్టుకుని చచ్చేదాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాడు." అబ్బ. ఆవిడ చెప్పిన దారి తప్పనే అంటాను ఇప్పటికీ, పడవలు పోవడానికి సవాలక్ష కారణాలు, అందులో నాలుగింటికి మన ఊరి మొహాలే బాధ్యులు, అదే మాట తరవాత శుక్రవారం ఆవిడ తల సింకులో ఉండగా చెప్పాను కూడా. కానీ ఏం మాట! ఎలా చెప్పింది! నాకు ఎదురు నిలిచిన మనిషి నోట్లోంచి అలాంటి మాట రావాలి, అప్పుడు కదా వాదనకి రుచి.

"బాబ్!" మలుపు. వెర్నన్ వెనక రెండుసార్లు, తరవాత ముందుకి. వాల్టర్, వెర్నన్ అన్నదమ్ములు, ఒకడు ఉందామని వేశాడు, ఒకడు పోదామని వేశాడు, ఒకే గొడుగు కింద వెళ్ళి వేసొచ్చారు, ఇద్దరూ ఇంట్లోనే పడుకుంటే లెక్క తేడా వచ్చేది కాదు, పాదాలు తడవకుండా ఉండేవి. అందరూ వాళ్ళలాగా ఉంటే బాగుండు. సెలూన్ కిటికీలో నేను 'ఉందాం' అని బోర్డు పెట్టిన వారం నుంచి సగం తలలు రావడం మానేశాయి. ఎదురింటి మార్గరీ, ఇరవయ్యేళ్ళు నా చేతి మీద రంగేయించుకున్న మనిషి, బస్సెక్కి పట్నం పోయి నారింజ పండు తొక్క రంగుతో తిరిగొచ్చింది, దేవుడున్నాడు. ఒక శుక్రవారం పొద్దున దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుని నా జుట్టు నేనే దువ్వుకుంటుంటే తలుపు గంట మోగింది. ఈనిడ్. కోటు మీద 'పోదాం' బిళ్ళ, అరచేతి వెడల్పుది. అది తీయకుండానే వచ్చి కుర్చీలో కూలబడింది. "కూర్చున్నావేం, శుక్రవారం కదా ఇవాళ" అంది. "మీ వాళ్ళెవరూ రావట్లేదు, నువ్వొస్తే ఏమంటారో" అన్నాను. "జుట్టుకి పార్టీ ఏంటే. కానివ్వు, వెనకాల కాస్త పొట్టిగా." కానిచ్చాను. కానిచ్చినంత సేపూ పోట్లాడుకున్నాం, చేపల మీద, పౌండు మీద, ఆస్పత్రుల మీద, దారిన పోయేవాళ్ళు ఆగి అద్దంలోంచి చూశారు, చూడాలనే ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది, ఆ సంగతి నాకు తరవాత తట్టింది. నెల తిరక్కుండా తలలు మెల్లిగా తిరిగొచ్చాయి. థాంక్స్ చెప్పబోతే "దేనికి, వెనకాల వంకరగా కోశావు" అంది.

సగం అయిందా? ఎంత అయిందో నాకు తెలీదు, ఈనిడ్‌కి తెలుసు. నెవిల్ తల ఎత్తాడు. చూపు ఈనిడ్ మీద. ఢాం. ఢాం. లేదు, లాగుతున్నాడు. ఈనిడ్ వాడి వంక చూడటం లేదు, నేల మీద ఎక్కడో చూస్తూ పెదవులు కదుపుతోంది, లెక్క పెట్టుకుంటోంది, గంట వెనక్కి లాగినప్పుడల్లా బొటనవేలు తెల్లబడుతోంది, నొప్పి, కనబడుతోంది నాకు. ఎందుకింత పట్టుదల నీకు ముసలిదానా. నిన్న ఆ గంటలేవో ఒక్క పావుగంట కొట్టించి ఉంటే పోయేది కదా, నీ పార్టీనే కదా, నువ్వు ఊరంతా తిరిగి గెలిపించిందే కదా. నెవిల్ ఆరుగుర్ని వెంటేసుకుని ఆవిడ గుమ్మం ముందుకెళ్ళాడు, దేశానికి స్వతంత్రం వచ్చిన రాత్రి గంటలు మోగకపోతే ఇంకెప్పుడు మోగుతాయని. గోపురం తాళం చెవి ఒకటి ఆవిడ ఆప్రాన్ జేబులో, రెండోది వాడి దగ్గరే, అయినా ఆవిడ సరే అనందే ఎవరూ గంట మోగించరు. "మోగవు" అంది. "అదేంటి ఈనిడ్, మనం గెలిచాం!" "గెలిచాం. అందుకే మోగవు. ఊళ్ళో ఓడినవాళ్ళ పెళ్ళిళ్ళకి మోగించాన్నేను, వాళ్ళ అమ్మానాన్నల్ని మట్టి చేసినప్పుడు మోగించాను. ఇవాళ వాళ్ళ చెవుల్లో గెలిచాం గెలిచాం అని కొడితే, రేపు వాళ్ళింట్లో పీనుగ లేచినప్పుడు ఈ గంట వింటారా?" "మరి మేం ఇన్నాళ్ళూ నోరెత్తితే తెలివితక్కువ వాళ్ళన్నారే, అప్పుడెవరూ మా చెవుల గురించి ఆలోచించలేదే!" అన్నాడు నెవిల్. అదీ నిజమే. అన్నాం. నేనే అన్నాను, ఒకసారి కాదు. వాడి మంటలో నిజం లేదని చెప్పను. కానీ ఈనిడ్ తలుపేసుకుంది. రాత్రి పబ్బులో సొంత మనుషులు ఆవిడకి గ్లాసు కొనిపెట్టలేదు, తన గ్లాసు తనే కొనుక్కుంది, ఎవరో మూలనుంచి ద్రోహి అన్నారు. ఎవర్రా అది అని నేను లేవబోతే మా ఆయన రాయ్ నా స్వెట్టర్ పట్టుకుని కూర్చోబెట్టాడు.

రూటా వెనక. రూటా ఎంత తేలిగ్గా లాగుతుందో, చెయ్యెత్తి దించితే చాలు. నెవిల్ షెడ్డులో క్యాబేజీలు కట్టలు కట్టించే మేస్త్రీ, లిథువేనియా పిల్ల, పిల్లంటే నలభై దాటింది, ఒకరోజు గంటలు విని మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడితే ఈనిడ్ ఏమీ అడక్కుండా తాడు చేతికిచ్చింది. ఓట్ల ఫలితం వచ్చిన పొద్దున నేను ఏడుస్తూ దాన్ని వాటేసుకున్నాను, అయ్యో తల్లీ మావాళ్ళు నిన్నెంత మాటన్నారే అని. అది విడిపించుకుంది. "నా మీద జాలి పడకు గ్లెండా. మా దేశం కూడా ఒక కూటమిలోంచి బయటపడింది. నేను చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి, పక్కనున్న ఎవరో తెలియనివాళ్ళ చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను, మూడు దేశాల పొడుగునా జనం అలాగే నిలబడ్డారు. వెళ్ళిపోవాలనుకోవడం అంటే ఏంటో నాకు తెలుసు." ఈ మాట ఈనిడ్ చెవిన పడనే పడింది, చూశావా అని నా వంక కళ్ళెగరేసింది. రూటా ఆవిడవైపు తిరిగింది. "మీరు చూశావా అనక్కర్లేదు ఈనిడ్. మమ్మల్ని లోపలికి లాగినప్పుడు ఓటడగలేదు, ట్యాంకులతో వచ్చారు. మీ మీదికి ఏ ట్యాంకు వచ్చింది?" ఈనిడ్ నోరు తెరిచి మూసింది. ఈనిడ్! నోరు మూయడం! నా కళ్ళతో చూశాను. "అది బాగా చెప్పావమ్మడూ" అంది కాసేపటికి, "ఒప్పుకోను, కానీ బాగా చెప్పావు. మంగళవారం ప్రాక్టీసుకి ఆలస్యం చెయ్యకు." ఆ పొద్దుటే నేనూ ఒకటి అడిగాను ఆవిణ్ణి. చావు ఇంటికి మోగించేటప్పుడు గంట నాలిక్కి ఒక వైపు తోలు ముక్క కడతాం, ఒక దెబ్బ పెద్దగా మోగి రెండోది ఎక్కడో దూరంగా గొణిగినట్టు వినబడుతుంది. ఆదివారం అలా కట్టి మోగిద్దాం, దేశం చచ్చింది అన్నాను. "ఎవరూ చావలేదు గ్లెండా, నువ్వు ఓడిపోయావంతే. ఇంటికెళ్ళి టీ తాగు." ఎంత మండిందో నాకు! వారం మాట్లాడలేదు. ఇప్పటికీ నేనడిగింది న్యాయమే అంటాను, సగం ఊరికి గుండె పగిలితే చావు కాదా. కానీ నిన్న గెలిచిన తన వాళ్ళకి కూడా అదే తలుపు మూసిందే, అదే చేత్తో, అదే మొహంతో. అట్లాంటి మనిషిని నేనింకొకర్ని చూడలేదు, చూస్తే కాళ్ళకి మొక్కాలి, మొక్కితే తంతుంది.

ఎక్కడున్నాను? వెర్నన్... కాదు, వెర్నన్ తాడు దిగిపోయింది, వాల్టర్ది పైకెళుతోంది, నాది ఎప్పుడు, ఇప్పుడా, లాగాను, పైన రెండు గంటలు ఒకేసారి కొట్టుకున్నాయి, చండాలం, ఇంకోటి ఖాళీ, రూటా నా వంక చూసింది, వాల్టర్ తడబడ్డాడు, దేవుడా, నేనే, నెవిల్ నిలబెడతాడేమోనని నెవిల్ని కాచుకుని కూర్చుని నా దారి నేనే పోగొట్టుకున్నాను, నేనే ముంచేస్తున్నాను యాభై ఏళ్ళ మోతని, నేను! ఈనిడ్ "గ్లెండా..." అంది, అనడానికి పైకి చూసేసరికి ఆవిడ చెయ్యి పట్టు మీద జారింది, ఆవిడ గంటే సంబాళించుకుంటోంది, నాకు చెప్పే తీరిక లేదు. ఇంకొక్క వరస ఇట్లా పోతే అయిపోయింది. ఆపేద్దామనుకున్నవాడికి ఇంతకన్నా మంచి సందు దొరకదు, నిలబెట్టక్కర్లేదు కూడా, ఊరికే చూస్తూ ఉంటే చాలు, నింద నా మీద పడుతుంది. "గ్లెండా, వాల్టర్ వెనక." మగ గొంతు. "ఇప్పుడు. రూటా వెనక. ముందుకి రా, ముందుకి, మొదటి చోటు, రెండు కొట్టు. ఆఁ. నీ దారి నీది." నెవిల్. నా వంక చూడలేదు, తన తాడు పైకెళ్ళడం చూస్తూ, పొలంలో ట్రాక్టర్ వెనక్కి తీయిస్తున్నవాడిలాగా అంత మామూలుగా చెప్పాడు. ఢాం. వరస ముగిసింది. మళ్ళీ కుదురుకుంది, ఆరు గంటలూ ఆరు చోట్ల. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇక బుర్ర ఊరుకుంది. నిజంగా ఊరుకుంది, ఇన్నేళ్ళలో మొదటిసారి. వెర్నన్ వెనక, వాల్టర్ వెనక, అంతే. నెవిల్‌కి పన్నెండేళ్ళప్పుడు ఈనిడ్ పెట్టె మీద నిలబెట్టి తాడు పట్టించింది, తప్పు పోతున్నవాణ్ణి చూస్తూ ఊరుకోకూడదని అప్పుడే నేర్పి ఉంటుంది, కోపం వచ్చినా ఆ చెయ్యి వాడి మాట వినలేదు, వాడి చెవికి వంకర వరస భరించడం చేతకాలేదు. ఈనిడ్ "సింగిల్!" అంది, గొంతు కాస్త పగిలింది, ఇది చివరి మలుపని నాకు తెలుసు, ఈ పిలుపు తరవాత గంటలు మొదట్లో ఉన్న చోట్లకి ఒక్కొక్కటీ తిరిగొస్తాయి, రూటా, వాల్టర్, నేను, వెర్నన్, ఈనిడ్, ఢాం. "అయిపోయింది," అంది ఈనిడ్. వరస వరసగా ఇంకాసేపు మోగించాం, ఎవరికీ ఆపాలని లేదు. "నిలబెట్టండి." ఆరు గంటలూ నిలబడ్డాయి. ఆ తరవాత వచ్చే నిశ్శబ్దం నాకెప్పుడూ చెవుల్లో నొప్పిగా ఉంటుంది. ఈనిడ్ తాడు వదిలి రెండు చేతులూ చంకల కింద పెట్టుకుంది. "బాగుంది," అంది. "మధ్యలో ఒకావిడ షికారు వెళ్ళొచ్చింది, అయినా బాగుంది." వాల్టర్ నవ్వాడు, వెర్నన్ నవ్వాడు, రూటా నన్ను మోచేత్తో పొడిచింది.

నెవిల్ నవ్వలేదు. తన తాడు చుట్టి, ముడేసి, కొక్కేనికి తగిలించాడు, కోటేసుకున్నాడు, జేబులోంచి గోపురం రెండో తాళం చెవి తీసి బెంచీ మీద పెట్టాడు. "పాడు చేద్దామనే వచ్చాను ఈనిడ్. చేతకాలేదు. కానీ ఇక రాను. నీ తలుపు ముందు నన్ను నిలబెట్టి, ఓడినవాళ్ళ గురించి చెప్పావు. నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇక మీ గుంపులో నేను లేను." ఆ గంట లాగగలిగిన చేతులు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు, ఆదివారం ఐదు గంటలు మోగి ఆరో చోటు ఖాళీగా ఉంటుంది, వచ్చే ఆదివారమూ అంతే, అది అక్కడున్న అందరికీ తెలుసు. ఈనిడ్ వైపు చూశాం. ఆపు, ఆపవే తల్లీ, ఒక్క మాట అను. "సరే నెవిల్," అంది ఈనిడ్. "వెళ్ళాలనుకున్నవాడికి వెళ్ళే హక్కుంది. నేనే ఊరంతా తిరిగి అరిచాను. నీకొకటీ నాకొకటీ కాదు." వాడు గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడ్డాడు, ఇంకేదో వస్తుందేమోనని, చిన్నపిల్లాడిలా చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు, నేను చూశాను. ఈనిడ్ తన తాడు ముడి వేసుకుంటోంది, పడటం లేదు ఆ వేళ్ళకి, అయినా తలెత్తలేదు. వాడు వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్లు తిరిగి తిరిగి కిందికి పోతోంది.

"గ్లెండా," అంది ఈనిడ్, నా వంక చూడకుండానే.

"ఏంటి?"

"వాణ్ణి ఉండమని అడగడం నా వల్ల కాదే. ఇన్నాళ్ళూ నేనన్న మాటలే నా గొంతుకి అడ్డం పడుతున్నాయి." తాడు వదిలేసింది, బెంచీ మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఉండండి ఉండండి అని ఊరందరి ముందూ అడిగీ అడిగీ ఆరితేరినదానివి నువ్వు. వెళ్ళు. వెళ్ళి అడుగు."

"నేనడిగితే ఏమైందో చూశావుగా ఈనిడ్. ఊరూ వినలేదు, దేశమూ వినలేదు."

"వినలేదు. అయినా నువ్వు అడగడం మానలేదు. నీలో నాకు నచ్చి చచ్చేది అదొక్కటే." చెయ్యి విసిరింది. "నిలబడ్డావేం, వాడు ట్రాక్టరెక్కితే ఇంక నీ గొంతు కూడా వినబడదు."

మెట్లు చీకటిగా ఉన్నాయి, ఇరుకు, గోడ పట్టుకుని రెండేసి మెట్లు దిగుతూ అరిచాను, "నెవిల్! ఒరేయ్ నెవిల్! ఆగరా!" ఊరి హాల్లో కూడా అంత గట్టిగా అరవలేదు నేను.